నీలిపూల పొద పూయని ఏడాది

ఆమెను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె కాళ్లకు చెప్పులు లేవు, జుట్టంతా ఒక పక్కకే ఉంది, కళ్లు సగమే తెరుచుకున్నాయి. నా చేతిలో కంచె మొక్కలు కత్తిరించే మిషను గుర్రుమంటోంది. ఆమె మెట్ల మీద నిలబడి ఏదో అంటోంది. పెదవులు కదలడం తెలుస్తోంది కానీ మాట వినిపించడం లేదు. మిషను ఆపి, చెవులకు పెట్టుకున్న మూతలు తీశాను.

"ఆపారు కదా. ఇక దాన్ని ముట్టుకోకండి," అంది.

కంచె సగమే అయిందనీ, ఇది కాక ఇంకా మూడిళ్లు ఉన్నాయనీ మర్యాదగానే చెప్పాను. ఆమె కూడా మర్యాదగానే విన్నది. విని, తను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఏడున్నరకు ఇల్లు చేరానని, ఎనిమిదింటికి పడుకున్నానని, ఎనిమిదీ పదికి నేను మొదలుపెట్టానని నిమిషాలతో సహా ఒప్పజెప్పింది.

"నిద్రపోతూ గుర్రు పెట్టేవాళ్లను రోజూ చూస్తాను. నిలబడి, కళ్లు తెరుచుకుని, పక్కవాళ్ల నిద్ర చెడగొట్టడానికి గుర్రు పెట్టే మనిషిని ఇప్పుడే చూడటం. నమస్కారం గుర్రుగారూ," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ పేరు ఆ రోజు పడింది. ముప్పై ఒక్క ఏళ్లు మోసిన అసలు పేరును ఆ వీధి నెల తిరక్కుండా మర్చిపోయింది.

ఆమె నర్సు, టీచరమ్మ మేనకోడలు. వారం కిందటే పై గదిలో దిగిందట, నాకేం తెలుసు? టీచరమ్మ అంటే ఆ మూల ఇంటావిడ. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. ఆ వీధిలో పన్నెండిళ్ల తోటలు నా చేతిలో ఉండేవి, పన్నెండూ ఆవిడ నోటి మాట మీద వచ్చినవే. ఆవిడ ఊఁ అంటే వీధి ఊఁ అంటుంది. ఊహూఁ అంటే మర్నాటికి నేను నిచ్చెన భుజాన వేసుకుని ఇంకో వీధి చూసుకోవాల్సిందే.

నా పని చెప్పుకుంటే నాలుగు ముక్కలు. ఆకులు రాలే కాలంలో వాటిని ఊడ్చి, కాండానికి తగలకుండా పాదుల్లో పరచాలి. చలికాలంలో చెట్టు నిద్రలో ఉండగా ఎండుకొమ్మలూ, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలూ తీసేయాలి. చలి తగ్గే ముందు గులాబీలు కత్తిరించాలి. ఎండాకాలంలో వేళ్ల దాకా దిగేలా నీళ్లు పెట్టాలి. చెప్పడానికి ఇంతే, చేస్తేనే నడుము విరుగుతుంది. ఆ ఏడు నాకు నిజంగానే విసుగు పుట్టింది. సాయంత్రం ఇంటికి వెళ్లి బూట్లు విప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు, బూట్లతోనే కుర్చీలో కూలబడేవాణ్ని. మా బావ పార్సిల్ షెడ్డులో సూపర్‌వైజరు. కుర్చీ, పైన కప్పు, నెల తిరిగేసరికి జీతం, ఎండా లేదు వానా లేదు, వచ్చి చేరమని ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. చూద్దాం బావా, చూద్దాం బావా అని నేను రోజులు నెట్టుకొస్తున్నాను.

ఇంత విసుగులో ఉన్న మనిషి ఏం చేయాలి? మిషను మళ్లీ ఆన్ చేసి, పని ముగించుకుని, పోవాలి. నేను మిషను పక్కన పెట్టి, సంచీలోంచి పెద్ద కత్తెర తీశాను. మిషనుతో గంటన్నరలో అయ్యే కంచె కత్తెరతో మధ్యాహ్నం రెండింటి దాకా పట్టింది. ఎందుకు చేశానో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేవాణ్ని. ఆ సగం తెరిచిన కళ్లు చూస్తే నా కళ్లే గుర్తొచ్చాయి, అంతే.

ఆ తరువాత ఆ ఇంట్లో ప్రతి గురువారమూ కత్తెరే. ఎందుకింత నెమ్మది అని టీచరమ్మ అడిగితే, కత్తెరతో కోస్తే ఆకు చివర్లు చిరగవు, ఎండిపోవు అన్నాను. అది నిజమే. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, అయితే మూడేళ్లుగా నాకు చిరిగిన ఆకుల కంచె ఇచ్చావన్నమాట అంది. ఆవిడతో వాదనకు దిగడం అంటే కొరివితో తల గోక్కోవడమే.

నర్సుకు అసలు సంగతి ఎలా తెలిసిందో కానీ, నెల తిరిగేసరికి ఒక గురువారం డ్యూటీ నుంచి వస్తూ ఆసుపత్రి క్యాంటీన్ నుంచి రెండు కాగితం కప్పుల్లో కాఫీ తెచ్చింది. ఒకటి నా నిచ్చెన మెట్టు మీద పెట్టి, ఇది లంచం కాదు, మందు, ఏడు రోజులకోసారి వేయాలి అంది. కాఫీ అప్పటికే చల్లారిపోయింది. అంత చల్లటి కాఫీ అంత ఇష్టంగా నేనెప్పుడూ తాగలేదు.

అలా మొదలైంది. గురువారం పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఆమె మెట్ల మీద, నేను బోర్లించిన బకెట్ మీద. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలిసిపోయారో తేల్చుకోవడమే మా సరదా. ఆమె పన్నెండు గంటలు నిలబడ్డానంటే నేను పద్నాలుగు నిచ్చెనలు ఎక్కానంటాను. ఆమె ఇద్దరు రోగులను ఎత్తి పడుకోబెట్టానంటే నేను ఇరవై బస్తాల ఎరువు మోశానంటాను. గెలిచినవాళ్లకు ఆవులించే హక్కు. చెట్లు కత్తిరించడాన్ని ఆమె ఆపరేషన్ అనేది. కోసే ముందు నన్ను నిలదీసేది. ఈ కొమ్మకు జబ్బేమిటి, తీయకపోతే ఏమవుతుంది, ఇంట్లోవాళ్లకు చెప్పారా. చలికాలమే ఎందుకు అంటే, చెట్టు అప్పుడు నిద్రలో ఉంటుందండీ, నొప్పి తెలియదు అన్నాను. నిద్రపోతుంటే కోయొచ్చన్నమాట, మీకు నిద్రపోయేవాళ్లంటే మొదటి నుంచీ లోకువే అంది. ఒకరోజు సన్నటి వాన మొదలైంది. లోపలికి వెళ్లండి, తడుస్తారు అన్నాను. లేవడానికి ఓపిక లేదు, తడిస్తేనే నయం అని అక్కడే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఆ అరగంట కోసం నేను వారమంతా ఎదురు చూస్తున్నానని ఆ వానలో నాకు అర్థమైంది. బావకు ఆ వారం ఫోన్ చేయలేదు.

చలి ఇంకో నెలలో తగ్గుతుందనగా నా నడుము పట్టేసింది. ఆరో ఇంట్లో నిచ్చెన దించుతుంటే కలుక్కుమంది. డాక్టరు పది రోజులు కదలొద్దన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు, సరిగ్గా గులాబీలు కత్తిరించే సమయం. చిగురు పడక ముందే అయిపోవాలి. టీచరమ్మ రెండు రోజులు చూసి, మిషన్లతో తోటపని చేసే కంపెనీ వాళ్లను పిలుస్తానందట. ఒకసారి వాళ్లు వచ్చారంటే ఆ ఇల్లు పోయినట్టే, ఆ ఇల్లు పోతే వీధి పోయినట్టే. ఆ సంగతి నాకు తెలియదు. నర్సుకు తెలుసు.

పదకొండో రోజు నడుముకు పట్టీ కట్టుకుని వెళ్లేసరికి ఆమె గేటు దగ్గరే ఉంది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. రండి, చూపిస్తాను అని ముందు నడిచింది. వాళ్ల పెరట్లో నేను ఉంచే పనిముట్ల పెట్టె మూత మీద అంటించుకున్న చీటీ చూసిందట. 'గులాబీలు మోకాలెత్తు వరకు, బయటి వైపు చూసే కన్ను పైన కోత.' కన్ను అంటే కొమ్మ మీద చిగురు పుట్టే చోటు. రెండు పొద్దుల పాటు, డ్యూటీ దిగి వచ్చి, పడుకోకుండా తనే కత్తిరించింది. తొమ్మిది గులాబీలు. చేతుల నిండా ముళ్ల గీతలు.

గులాబీలు బాగానే చేసింది. ఆ వరుస చివర నీలిపూల పొద ఉంది. దాన్నీ మోకాలెత్తుకు నరికేసింది.

ఈ పొద గురించి చెప్పాలి. హైడ్రేంజియా అంటారు, టీచరమ్మకు మాత్రం అది నీలిపూల పొదే. ఎండాకాలం మొదట్లో తలకాయంత గుత్తులు పూస్తుంది. ఏటా ఆ సమయానికి ఆవిడ పాత విద్యార్థులు ఒక ఆదివారం వచ్చి, ఆ పూల ముందు నిలబడి ఫొటో తీయించుకుంటారు. ఇరవై రెండు ఫొటోలు హాల్లో వరుసగా ఉన్నాయి. పిల్లలు బట్టతలలయ్యారు, పూలు మాత్రం ఏ ఏడుకాఏడు కొత్తవే. చిక్కేమిటంటే, ఆ పొద తన పూలను ముందు ఏడాదే పాత కొమ్మల కొసల్లో సిద్ధం చేసి పెట్టుకుంటుంది. చలికాలంలో చూస్తే ఎండుపుల్లల్లా ఉంటుంది. తెలియని కంటికి చచ్చిపోయినట్టే. వాడిన గుత్తులు మాత్రం తీసి, పుల్లలు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ ఏడు పూలు లేనట్టే.

కోసిన కొమ్మల పోగులో పడి ఉన్న ఒక పుల్ల తీశాను. కొసన మొగ్గలు, లావుగా, జంటలు జంటలుగా ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది.

ఆమె నా మొహమే చూస్తోంది. కళ్ల కింద నలుపు ఆ రోజు మరీ ఎక్కువగా ఉంది.

"ఈ వారం మా వార్డులో ముగ్గురు పోయారు," అంది. "ఏం చేసినా నిలబడలేదు. ఈ వారం మొత్తం మీద నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. బాగుందా?"

మీరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు.

"బాగుంది," అన్నాను. "చాలా బాగా కత్తిరించారు."

ఆమె నవ్వి, అక్కడే మెట్టు మీద కూర్చుని, గోడకు తల ఆనించి రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నేను ఆ పోగును తీసుకెళ్లి వెనక పెరట్లో ఎండుటాకుల కింద కప్పేశాను.

తరువాతి గురువారం చెబుదామనుకున్నాను. ఆ గురువారం ఆమె దగ్గుతోంది. పై గురువారం అనుకున్నాను. ఆ రోజు ఆమె మరీ సంతోషంగా ఉంది, సంతోషంగా ఉన్న మనిషికి ఎలా చెప్తాం? ఆ పొదకు పాదు తవ్వాను, బాగా మాగిన ఎరువు వేశాను, రెండు రోజులకోసారి దొంగలా వచ్చి నీళ్లు పెట్టాను. పక్కల నుంచి ఒక్క మొగ్గయినా వస్తుందేమోనని ఆశ. ఎరువంతా తిని అది ఆకులేసింది. అబ్బో, ఏం ఆకులు! అరచెయ్యంత, పచ్చగా, నిగనిగలాడుతూ. నర్సు రోజూ దాన్ని చూసి మురిసిపోయేది. నా చెయ్యి మంచిదేనండీ గుర్రుగారూ, ఇన్ని ఆకులు పోయినేడు వచ్చాయా అని అడిగేది. రాలేదండీ అనేవాణ్ని. మింగలేను, కక్కలేను. రాత్రి పక్క మీద దొర్లుతుంటే ఆకులే కనిపించేవి.

ఎండలు ముదిరాయి. వీధిలో మిగతా ఇళ్లలో పూలు విచ్చుకున్నాయి. విద్యార్థులు రావాల్సిన ఆదివారానికి పన్నెండు రోజుల ముందు, ఒక మంగళవారం, టీచరమ్మ నన్ను పిలిచింది. పొద ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది, చేతిలో కర్ర. పై గది కిటికీ తెర వేసి ఉంది. నర్సు నిద్రపోతోంది.

మొగ్గేది అని అడిగింది. నేను నేల చూశాను. ఆవిడ కర్రతో కొమ్మ మొదలు చూపించింది. మొద్దుగా, వరుసగా, ఒకే ఎత్తున కోతలు.

"ఎవరు కోశారు?"

"నేనే టీచరమ్మా. పొరపాటైంది."

"నీకు తెలియదా?"

"గులాబీలనుకున్నాను."

"ముళ్లు లేకపోవడం కూడా చూసుకోలేదా?"

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది. రేపటి నుంచి రావద్దు, నీ పనిముట్లు తీసుకుని వెళ్లు అంది. సాయంత్రానికి ఆరిళ్లు ఫోన్ చేశాయి, మర్నాటికి మిగతా అయిదు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, మేం వేరే ఏర్పాటు చూసుకుంటున్నాం బాబూ అన్నారు. మంచిదండీ అన్నాను పదకొండుసార్లు. ఆ తరువాత బావకు ఫోన్ చేసి సోమవారం వచ్చి చేరతానన్నాను. ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది అని బావ సంతోషించాడు. ఫోన్ కట్టేసి పడుకున్నాను. నర్సు ఎన్నిసార్లు చేసిందో తెలియదు. కట్టేసిన ఫోనుకు అదొక్కటే సుఖం.

నాకు ఏడుపు రాలేదు కానీ ఒళ్లంతా ఖాళీ అయినట్టుంది. ఆ పన్నెండు తోటల్లో ఏ చెట్టు ఎటు వంగుతుందో, ఏ మొక్క ఎండకు ముందు వాడుతుందో నాకు కంఠతా. ఇక అది ఎవరికీ పనికిరాదు. నిజం చెప్పొద్దూ, చెట్ల కంటే గురువారాలే ఎక్కువ బాధించాయి.

శనివారం మధ్యాహ్నం. టైర్ల కొట్టు వెనక నేను అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో పనిముట్లకు నూనె రాస్తున్నాను, అమ్మకానికి. బయట పెద్ద వాన. రేకుల మీద చినుకుల మోతలో తలుపు తెరుచుకోవడం వినిపించలేదు. తలెత్తితే ఆమె. యూనిఫాం మీదే ఉంది, నిలువెల్లా తడిసింది, గొడుగు చేతిలోనే ఉంది కానీ తెరవలేదు. గొడుగు సంగతి గుర్తుచేయబోయి మానేశాను.

నిన్న రాత్రే తెలిసిందట. డ్యూటీకి బయల్దేరుతుంటే అత్తయ్య మాటల్లో అందట, ఆ అబ్బాయి చూశావా, కళ్లు మూసుకుని నరికేశాడు, తనే ఒప్పుకున్నాడు అని. ఆమె అక్కడే నిలబడి తనే కోశానని చెప్పేసింది. డ్యూటీ చేసి, వాళ్లనూ వీళ్లనూ అడిగి ఈ షెడ్డు కనుక్కుని, నేరుగా ఇటే వచ్చింది.

"కూర్చోండి," అన్నాను.

"కూర్చుంటే నిద్రపోతాను. మిమ్మల్ని తిట్టడం అయ్యాక కూర్చుంటాను," అంది. "నా తప్పు మీ నెత్తిన వేసుకోమని ఎవరడిగారు?"

"మీరు ఆ రోజు అలా ఉన్నారు..."

"ఎలా ఉన్నాను? ముగ్గురు పోతే తట్టుకున్నదాన్ని, మూడు మూరల పొద పోతే తట్టుకోలేనా? మా వార్డులో ఒక పుస్తకం ఉంది. ఎవరి చేతిలో పొరపాటు జరిగినా ఆ గంటలోనే అందులో రాయాలి. తిట్టించుకోవడానికి కాదు, ఇంకోసారి జరక్కుండా. మీరేం చేశారు? బాగుందన్నారు. ఆకులు చూసి నేను ఎగురుతుంటే ఔనన్నారు. వచ్చే ఏడు కూడా మోకాలెత్తుకే కోసేదాన్ని. మీరు మళ్లీ బాగుందనేవారు. ఏటా మీ ఉద్యోగం పోయేది."

నవ్వొచ్చే మాటే కానీ ఆమె నవ్వలేదు.

"నన్ను కష్టపెట్టకూడదనుకున్నారు, సరే. మరి నాలుగు రోజులు ఫోన్ కట్టేశారే. నేను ఏమైపోవాలనుకున్నారు? మీరిక రారని, ఎందుకు రారో కూడా తెలియకుండా, గురువారం పొద్దున్న రెండు కప్పులు పట్టుకుని గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను."

నా చేతిలో నూనె గుడ్డ ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తప్పయిపోయిందండీ అన్నాను. ఆ మాట ఇన్నాళ్లూ ఎక్కడ ఇరుక్కుందో, ఒక్కసారి బయటకొచ్చాక గుండె తేలికపడింది.

టీచరమ్మ ఏమందని అడిగాను. ఆ అబ్బాయి గులాబీలనుకున్నాను అన్నప్పుడే తెలుసు, ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు విన్నాను, ఇంత చేతకాని అబద్ధం ఎప్పుడూ వినలేదు, ఎవరి కోసం చెప్పాడా అని చూస్తున్నాను అందట. మరి తెలిసీ ఎందుకు మానిపించారు అని మేనకోడలు నిలదీస్తే, నా తోటలో ఏ మొక్కకు ఏమైందో నాకు అబద్ధం చెప్పేవాణ్ని ఎలా ఉంచుకుంటాను, నిజం చెప్పేట్టయితే రేపు పొద్దున రమ్మను, ముందు తిడతాను, తరువాత పని చూపిస్తాను, మిగతా పదకొండిళ్లకూ నేనే చెప్పుకుంటాను అందట. తలుపు దాకా వచ్చి ఇంకో మాట కూడా అందట. తిట్టు తినడానికి ఒక్కణ్నే పంపకు, నువ్వూ పక్కన నిలబడు, అలవాటవుతుంది అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు, గోడకు వేలాడుతున్న రంపం వైపు చూసింది.

"ఇప్పుడు చెప్పండి," అంది. "ఆ పొదను నేనేం చేశాను?"

"ఈ ఏడు పూలన్నీ పోగొట్టారు."

"ఇంకా?"

"గులాబీల్లో రెండింటికి కన్ను కింద కోశారు. ఆ కొమ్మలు ఎండిపోతాయి."

"ఇంకా?"

"నా కత్తెర తుడవకుండా పెట్టెలో పడేశారు. తుప్పు పట్టింది."

ఆమె కళ్లు తుడుచుకుంది. వాన నీళ్లే అనుకుందాం.

"ఇంకా ఏమైనా దాచారా?"

"ఒకటుంది."

"చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం. పోయిన చలికాలం నుంచి. ఆ వీధి పోయినందుకు కాదు, మీరు కనపడరని ఈ నాలుగు రోజులూ అన్నం సయించలేదు. కత్తెర పట్టుకోవడం తప్ప నాకింకేం రాదు, రేపు మీ అత్తయ్య పనిస్తే అదే చేస్తాను. మీకు ఇష్టం లేకపోతే అదీ చెప్పేయండి. బాగుందని అబద్ధం చెప్పొద్దు."

ఆమె ఎరువు బస్తా మీద కూర్చుండిపోయింది. తడిసిన బూట్ల నుంచి నేల మీద నీళ్లు కారుతున్నాయి. వాన జోరు కొంచెం తగ్గింది.

"నాకు పన్నెండు గంటల డ్యూటీ అయింది. పొద్దుటి నుంచి తిండి లేదు," అంది చివరికి. "అందంగా చెప్పే ఓపిక లేదు. నాకూ అంతే."

నేను ఆమె పక్కన, ఇంకో బస్తా మీద కూర్చున్నాను. ఆమె చెయ్యి నా నూనె చేతి మీద పెట్టింది.

వాన వెలిశాక ఫోన్ ఆన్ చేసి, సోమవారం రావడం లేదని బావకు చెప్పాను. ఎందుకురా అని అడిగాడు. ఆమె వింటోంది. నేను నిజమే చెప్పాను.